కాలు కింద పెట్టకుండా

మా జిల్లాలో ఎత్తు అంటే కాలువ మీది వంతెన. నర్సింగ్ ట్రైనింగ్‌కి వెళ్ళే రోజుల్లో సైకిలు మీద ఆ వంతెన ఎక్కి దిగడమే నేను చేసిన పర్వతారోహణ. నాలుగు తొక్కులు గట్టిగా తొక్కితే చాలు, అవతలివైపు గాలే దించేసేది. అలాంటిదాన్ని నలభై దాటాక, ఒమన్‌లో, ఒక కొండ కింద సైకిలు పట్టుకుని నిలబడ్డాను. నన్నెవరూ రమ్మనలేదు. నా అంతట నేనే వెళ్ళి నిలబడ్డాను, పైగా నవ్వుతూ.

సమాయిల్‌లో ఒక ఆసుపత్రిలో నేను స్టాఫ్ నర్సుని, మా ఆయన అక్కడే ల్యాబ్ టెక్నీషియన్. అమ్మాయి ఇంజనీరింగ్‌లో చేరడానికి ఇండియా వెళ్ళిపోయాక క్వార్టర్స్‌లో ఇద్దరమే మిగిలాం. ఒమన్‌లో వారాంతపు సెలవు శుక్ర, శనివారాలకు మారి అప్పటికి రెండు మూడేళ్ళు. వార్డులో ఏళ్ళ తరబడి నిలబడి నిలబడి నా కుడి మోకాలు మెట్లెక్కితే చాలు, కటకటమనేది. ఫిజియోథెరపీలో పనిచేసే ఫిలిప్పీన్స్ ఆయన ఉద్యోగం మానేసి వెళ్ళిపోతూ తన సైకిలు మా గుమ్మంలో పెట్టి, మోకాలికి ఇదే మందు, రోజూ వాడమని చెప్పి వెళ్ళాడు. సన్నటి టైర్లు, పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిల్. మా ఆయన దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "దీనికి స్టాండు కూడా లేదు, మనిషి దిగితే ఎక్కడ పెడతారు?" అన్నారు. రిపోర్టు చేతిలోకి వస్తే తప్ప ఏదీ నమ్మని మనిషి ఆయన. మోకాలు తగ్గిందని నేను చెబితే మాత్రం మారుమాట అడక్కుండా నమ్మారు. పెళ్ళయిన నాటి నుంచీ నా విషయంలో ఆయన పద్ధతి అదే.

మోకాలు నిజంగానే తగ్గింది. ఆ తగ్గడంలోని సంతోషం ఎవరికి చెప్పుకోను? చలికాలం ఉదయాల్లో పొడవు చేతుల కుర్తా, లోపల లెగ్గింగ్స్, తల మీద హెల్మెట్, పిన్నులు పెట్టి బిగించిన చున్నీతో బయలుదేరేదాన్ని. పెద్ద రోడ్డు దాటి ఖర్జూర తోటల మధ్యలోకి తిరిగితే చాలు, చప్పుడంతా ఆగిపోయేది. ఫలజ్ అని ఇక్కడి వాళ్ళు పిలిచే సన్నటి రాతి కాలువ రోడ్డు పక్కనే గలగలమంటూ తోడొచ్చేది. నిమ్మచెట్ల వాసన, తడి మట్టి వాసన, ఎక్కడో ఒక గాడిద కూత. అరగంటకు ఒక కారు వస్తే గొప్ప. ఆ కారు కూడా నన్ను దాటేటప్పుడు రోడ్డు అవతలి అంచు దాకా జరిగి, చెయ్యెత్తి సలాం చెప్పి వెళ్ళేది. నేను కూడా చెయ్యెత్తేదాన్ని. ఒంటి చేత్తో హ్యాండిల్ పట్టుకోవడం అప్పుడే వచ్చేసింది.

ఆ రోడ్డు మీద నాకు దొరికిన తోడు జగిత్యాల వైపు తమ్ముడు. ఒక కంపెనీలో మేస్త్రీ. ఇబ్రిలో రెండేళ్ళు పనిచేసి సమాయిల్ సైట్‌కి వచ్చాడు. అరచెయ్యి కోసుకుని క్యాజువాలిటీకి వస్తే కుట్లు వేయించి కట్టు కట్టింది నేనే. అందరూ డ్యూటీకి ఎప్పుడు పోవచ్చని అడుగుతారు. ఇతను, "సిస్టర్, సైకిల్ హ్యాండిల్ ఎప్పుడు పట్టుకోవచ్చు?" అని అడిగాడు. అక్కడితో సిస్టర్ పోయి అక్క అయ్యాను. అతనిది గేర్లు లేని బరువైన సైకిలు, వెనక క్యారియర్, దాని మీద ఎప్పుడూ ఒక ఖర్జూరాల పొట్లం. వారంలో శుక్రవారం ఒక్కటే సెలవు. ఆ ఒక్క రోజూ పడుకోకుండా తెల్లారేసరికి తోటల మలుపులో నా కోసం నిలబడి ఉండేవాడు.

మా ఇద్దరి కళ్ళూ ఆ కొండ మీదే. దాని నెత్తిన పాత ఊరొకటి ఉంది. రాళ్ళు, మట్టి కలిపి కట్టిన రెండు మూడంతస్తుల ఇళ్ళు ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కినట్టు ఉంటాయి. సగం ఖాళీ, సగంలో మనుషులు. ఆ కొసన కాపలా బురుజు. కింద తోటల నుంచి చూస్తే ఉదయపు ఎండ ముందు ఆ బురుజునే తాకేది, తర్వాత మెల్లగా మా దాకా దిగేది. పైకి ఏడు మలుపుల రోడ్డు. ఆరు మలుపులు మనిషిని మర్యాదగా తీసుకెళ్తాయి. ఏడోది తారు కాదు, కాంక్రీటు. కారులో వెళ్ళినప్పుడు మా ఆయనే అక్కడ దేవుణ్ణి తలుచుకున్నారు.

జనవరిలో ఒక శుక్రవారం మొదటిసారి పైదాకా వెళ్ళాం. ఆ రోజు నా ఒంట్లో ఏం దూరిందో తెలియదు. మొదటి మలుపు నుంచే పరుగు. ప్రతి మలుపులోనూ తోటలు ఇంకొంచెం కిందికి దిగిపోతుంటే, నేను ఎక్కుతున్నానా లేక నేలే జారిపోతోందా అన్నంత సంబరం. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. తమ్ముడు వెనక నుంచి, "పైకి జూడకక్కా, చక్రం ముంగట జూడు," అంటున్నాడు. నేను వినలేదు. ఏడో మలుపు తిరగ్గానే రోడ్డు గోడలా లేచింది. పది తొక్కులకే తొడలు బిగుసుకుపోయాయి. కాలు కింద పెట్టేశాను. మిగిలిన నలభై అడుగులూ సైకిలు తోసుకుంటూ నడిచాను. గేర్లు లేని ఆ బండి మీద తమ్ముడు నిలబడి తొక్కుతూ నన్ను దాటి వెళ్ళాడు.

అయినా పైకి చేరాక నా ఆనందానికి లోటేమీ రాలేదు. బురుజు పక్కన నిలబడితే లోయ నిండా ఖర్జూరాల ఆకుపచ్చ, దాని చుట్టూ ఎర్రటి కొండలు, మధ్యలో మేం వచ్చిన దారి సన్నటి నాడాలా. ఒక ఇంటి ముందు కూర్చున్న ముసలాయన ఇక్కడి వాళ్ళు కావా అనే కాఫీ గిన్నెలు కడిగి, మాకు పోసి, నా సైకిలు హ్యాండిల్ పట్టి చూసి చాలాసేపు నవ్వాడు. తమ్ముడు పెడళ్ళ దగ్గర నా చైను తిరిగే రెండు పళ్ళ చక్రాల వైపు వంగి చూశాడు.

"గీ చిన్న చక్రం ఎందుకేస్కోలేవక్కా? అల్కగ ఎక్కుతుండె గదా."

"అది వేసుకుంటే మోసం కదా తమ్ముడూ," అన్నాను.

గేరు మార్చి తేలిగ్గా ఎక్కడం లెక్కలోకి రాదని నా నమ్మకం. ఇంత నిజాయితీపరురాలిని అదే మధ్యాహ్నానికి ఏం చేశానో ఇప్పుడు చెప్పాలి.

దిగేటప్పుడు గాలికి కళ్ళ నీళ్ళు చెవుల్లోకి వెళ్ళాయి. ఇంటికొచ్చి స్నానం చేసి, గంట ప్రయాణం చేసి మస్కట్‌లో ఆరాధనకి వెళ్ళాం. అక్కడి చర్చి ఆవరణలో ఒకే హాలు. మా ముందు మలయాళం వాళ్ళు, మా తర్వాత తమిళం వాళ్ళు, మధ్యలో మా తెలుగు వాళ్ళకి రెండు గంటలు. అందులో సాక్ష్యాలకి పావుగంట. దేవుడు చేసిన మేలు ఏదైనా ఉంటే లేచి నిలబడి నాలుగు మాటల్లో చెప్పి కూర్చోవాలి. వీసా వచ్చినవాళ్ళు, పరీక్ష పాసైనవాళ్ళు, జ్వరం తగ్గినవాళ్ళు చెబుతారు. నేను ఎప్పుడూ లేవను. ఆ రోజు మాత్రం కాళ్ళు వాటంతటవే లేచాయి.

మోకాలి నొప్పితో మొదలుపెట్టాను. "స్తోత్రం" అన్నారు. సైకిలు అన్నాను. వెనక బెంచీల్లో చిన్న నవ్వు. తోటలు, కాలువ, మలుపులు అన్నాను. "ఆమెన్" అన్నారు. నర్సులందరివీ నావంటి మోకాళ్ళే కదా, ఒక్కో మలుపు చెబుతుంటే హాలు ముందుకు వంగుతోంది. ఆమెన్ వచ్చిన కొద్దీ నా గొంతు పెరిగింది. ఏడో మలుపు దగ్గరికి వచ్చేసరికి నేను మళ్ళీ కొండ మీద ఉన్నాను, ఈసారి నా వెనక నూరుమంది తోస్తున్నారు. "కాలు కింద పెట్టకుండా పైదాకా ఎక్కాను," అన్నాను.

హాలంతా చప్పట్లు. మా ఆయన అందరికంటే గట్టిగా కొట్టారు.

కూర్చున్నాక గాని నేనన్న మాట నాకు వినపడలేదు. ఇప్పుడు లేచి "కాదండీ, నలభై అడుగులు నడిచాను" అనడానికి మొహం చెల్లలేదు. టీ దగ్గర ఇద్దరు ముగ్గురు సిస్టర్లు నా మోకాలు పట్టుకుని చూశారు. అయ్యగారు, అంటే మా పాస్టర్‌గారు, నా దగ్గరికి వచ్చి, "వచ్చే వారం యువజనుల ఆరాధన అమ్మా. ఈ సంగతి మీరు మళ్ళీ చెప్పాలి. కాలు కింద పెట్టకపోవడం గురించి నేను వాక్యం చెప్తాను," అన్నారు. సరేనన్నాను. ఇంకేమంటాను? తిరిగి వచ్చే దారిలో మా ఆయన స్టీరింగ్ మీద వేళ్ళతో తాళం వేస్తూ, "ఆ ఏడో మలుపు కూడానా," అని తనలో తాను నవ్వుకుంటూ వచ్చారు. నేను కిటికీలోంచి వెనక్కి పోతున్న కొండలు లెక్కపెడుతూ కూర్చున్నాను.

దారి ఒక్కటే కనపడింది. వచ్చే శుక్రవారం మధ్యాహ్నంలోపు ఆ కొండ నిజంగా ఎక్కేస్తే నా మాట నిజమైపోతుంది. రోజు తేడా తప్ప ఇంకేం తేడా ఉందని సర్ది చెప్పుకున్నాను. మంగళవారం నా డ్యూటీ ఆఫ్. ఒక్కదాన్నే వెళ్ళాను. ఏడో మలుపులో, అదే చోట, మళ్ళీ కాలు పెట్టాను. అబద్ధం చెప్పినప్పటికంటే అప్పుడే ఎక్కువ భయమేసింది. ఆ రోజు నుంచి చిన్న చక్రం మోసమనే పట్టుదల వదిలేశాను. మెట్లు ఎక్కుతూ దిగుతూ గుక్క పట్టడం నేర్చుకున్నాను. వార్డులో బీపీ చూస్తూ కూడా నా మనసులో మలుపులే తిరుగుతున్నాయి. భయమూ ఉంది, కానీ దాని కింద బుడబుడమని ఉడికే ఉత్సాహం ఒకటి ఉంది. అది అబద్ధం వల్ల వచ్చింది కాదు, కొండ వల్ల వచ్చింది. దాన్ని కాదనడం నా వల్ల కాలేదు.

శుక్రవారం తెల్లారకముందే తమ్ముడు తోటల మలుపులో ఉన్నాడు. ఈసారి అతను చెప్పింది చెప్పినట్టు విన్నాను. చిన్న చక్రం మొదటి మలుపు నుంచే వేశాను. పైకి చూడలేదు. చక్రం ముందు రెండు గజాల రోడ్డు, అంతే నా ప్రపంచం. మేకల గుంపు దారి ఇచ్చింది. మూడో మలుపు, నాలుగోది. ఐదో మలుపులో ఒక ఖర్జూరం నా చేతికి అందించి, "నమలకు, చప్పరియ్యి," అన్నాడు. ఆరోది దాటాం. కాంక్రీటు మొదలైంది. తొడలు మండాయి, ముందు చక్రం తేలిపోతున్నట్టయింది, మొహం హ్యాండిల్ మీదికి వంచేశాను. క్రితంసారి కాలు పెట్టిన చోట ఒక నల్లరాయి ఉంది. ఆ నల్లరాయి ముందుకొచ్చింది, పక్కకొచ్చింది, వెనక్కి పోయింది. ఆ క్షణం నాకు కలిగిన ఆనందం ప్రసవం గదిలో బిడ్డ ఏడుపు విన్నప్పుడు తప్ప ఎప్పుడూ కలగలేదు. బురుజు నీడ నా చేతుల మీద పడేదాకా తొక్కుతూనే ఉన్నాను.

దిగి, సైకిలు గోడకు ఆనించి, ఏడుస్తూ నవ్వాను. తమ్ముడు క్యారియర్ మీద కూర్చుని నన్ను చూస్తూ తనూ నవ్వాడు. ఆ ఊపులో మొత్తం చెప్పేశాను. చర్చిలో ఏమన్నానో, ఇవాళ మళ్ళీ ఏమని చెప్పాలో, ఇక అది నిజమే అయిపోయిందనీ. అతను నవ్వడం ఆపాడు.

"గట్ల గాదక్కా. గివ్వాళ ఎక్కినవ్, మస్తు ఎక్కినవ్. పోయిన జుమ్మాది మాత్రం పోయిన జుమ్మాదే."

"ఎక్కాను కదా తమ్ముడూ. ఒక వారం అటూ ఇటూ."

"పోయిన వారం నేను గోడ వంకర గట్టిన అనుకో. ఈ వారం దాని పక్కకే సీదా గోడ గడ్తి. గా వంకరది సీదా అయితదా? అది విప్పుడే."

కోపం వచ్చింది నాకు. ఇంత గొప్ప ఉదయాన్ని ఇతను ఎందుకు పాడు చేస్తున్నాడనుకున్నాను. దిగేటప్పుడు బ్రేకులు బిగించి పట్టుకునే దిగాను. తోటల్లోకి వచ్చేసరికి కోపం పోయింది. అతను చెప్పిందే సరైనదని కొండ మీద ఉండగానే నాకు తెలుసు, అందుకే అంత కోపం.

ఆ మధ్యాహ్నం హాలు యువజనులతో నిండిపోయింది. అయ్యగారు నా పేరు పిలిచారు. లేచాను. "పోయిన వారం నేను ఇక్కడ అబద్ధం చెప్పాను," అన్నాను. "ఏడో మలుపులో కాలు పెట్టాను. సైకిలు తోసుకుంటూ నడిచాను. కాలు పెట్టకుండా ఎక్కింది ఇవాళ పొద్దున్న." ఆమెన్ రాలేదు. అయ్యగారు కాస్త తడబడి, ఒక పాట ఎత్తుకున్నారు. పాపం, ఆయన వాక్యం అంతా నా కాలి మీదే కట్టుకున్నారు. టీ దగ్గర నా చుట్టూ ఎవరూ మూగలేదు. ఒక పిల్ల మాత్రం వచ్చి ఆ రోడ్డు ఎటు వైపు అని అడిగింది. చెప్పాను, గేరుతో సహా.

కారులో సగం దూరం దాకా మా ఆయన వేళ్ళు స్టీరింగ్ మీద తాళం వేయలేదు. తిడతారేమో అనుకున్నాను, తిట్టినా బాగుండేది.

"ఒకటి అడగనా?" అన్నారు చివరికి. "పోయిన వారం నువ్వు చెప్పినప్పుడు నేను ఒక్క ప్రశ్న వేశానా?"

"లేదు."

"ఇవాళ్టిది నిజంగా ఎక్కావా?"

"ఎక్కాను. నమ్మరా?"

"ఏమో," అన్నారు. అబద్ధం చెప్పడం రాని మనిషి, అందుకే ఏమో అన్నారు. పందొమ్మిదేళ్ళ కాపురంలో నా మాటకు ఆయన నుంచి వచ్చిన మొదటి ఏమో అది. హాలంతా మౌనంగా ఉన్నప్పుడు తట్టుకున్నాను. దీన్ని తట్టుకోలేకపోయాను. కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుని, "రేపు శనివారం. మీరు కారులో ముందు వెళ్ళి పైన నిలబడండి. ఎక్కి చూపిస్తాను," అన్నాను.

శనివారం తమ్ముడికి డ్యూటీ. నేనొక్కదాన్నే బయలుదేరాను. నిన్నటి అలసట తొడల్లో రాళ్ళు కట్టినట్టుంది. అయినా కాలువ చప్పుడు వినగానే ఒళ్ళు హుషారెక్కింది. ఇవాళ నేను ఎక్కేది హాలు కోసం కాదు, ఒక్క మనిషి కోసం. ఆరు మలుపులూ అయ్యాయి. ఏడో మలుపు తిరిగేసరికి పైన బురుజు పక్కన మా ఆయన, ఒక చేతిలో నీళ్ళ సీసా, ఇంకో చేతిలో ఫోటో తీయడానికి ఫోను. ఆయన్ని చూడగానే చక్రం ముందు చూడాలన్న సంగతే మర్చిపోయి, లేని బలమంతా ఊడ్చి తొక్కాను. నల్లరాయి దగ్గరకు వచ్చేసరికి ఏమీ మిగల్లేదు. సరిగ్గా అప్పుడే ముసలాయన కావా గిన్నెతో వచ్చి పలకరిస్తే, మా ఆయన అటు తిరిగారు. నా ఎడమ కాలు పక్కనున్న పిట్టగోడకు ఆనింది. ఒక్క క్షణం. అదే కాలితో గోడను తన్ని, అదే ఊపులో మళ్ళీ తొక్కేశాను. ఆయన ఇటు తిరిగేసరికి నేను తొక్కుతూనే ఉన్నాను.

బురుజు నీడలోకి వచ్చి ఆగాను. ఆయన మొహం వెలిగిపోతోంది. అంత వెలుగు ఆ మొహంలో మా అమ్మాయి పుట్టిన రోజున చూశాను. "ఎక్కేశావు," అన్నారు. ఫోను ఎత్తి ఫోటో తీసుకున్నారు. "కాలు పెట్టకుండానే ఎక్కేశావు."

నాకు కావాల్సిందంతా నా చేతికి వచ్చేసింది. సైకిలు దిగి గోడకు ఆనించాను.

"పెట్టాను," అన్నాను.

"ఎక్కడ?"

"అదిగో, ఆ నల్లరాయి దగ్గర, పిట్టగోడ మీద. మీరు అటు తిరిగి ఉన్నారు."

ఆయన ఆ రాయి వైపు చూశారు. నా వైపు చూశారు. ఫోను జేబులో పెట్టుకుని, సీసా మూత తీసి నీళ్ళు నా చేతికిచ్చారు.

"అయితే నిన్న ఎక్కావు," అన్నారు.